కంప్యూటర్ రాసుకునే చిట్టా

పిల్లలూ! శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన ఉద్దానం అనే సీమ ఉన్నది. అక్కడ కొబ్బరి తోటలూ, జీడి తోటలూ విస్తారం. జీడిపిక్కలు పలాస కార్ఖానాలకు చేరితే, అక్కడ వాటిని పగలగొట్టి, పొట్టు తీసి, పప్పు చేస్తారు. ఆ పని చేసేవారిలో ఆడవాళ్ళే ఎక్కువ.

తూకాన్నిబట్టి కూలి ఇచ్చే కార్ఖానా ఒకటి ఉన్నదనుకుందాం. రోజూ సాయంత్రం గుమాస్తా ఒక్కొక్కరి పప్పూ తూచి, పేరూ, తూకమూ చిట్టాలో రాస్తాడు. వారం తిరిగేసరికి చిట్టాలో వందల పద్దులు చేరుతాయి. అన్నీ చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుచేత అతను పేరుపేరునా కూడి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు: "ఎర్రమ్మ, 6 రోజులు, 54 కిలోలు. నీలమ్మ, 5 రోజులు, 40 కిలోలు."

కంప్యూటర్ కూడా సరిగ్గా ఇలాగే లెక్క రాసుకోగలదు!

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థకు పునాది వేశారు. ఆ రోజులలో ఒకే కంప్యూటర్‌ను ఎందరో పంచుకునేవారు. ఒకరు ఎక్కువ వాడితే మిగతావారి పని కుంటుపడేది. ఎవరు ఎంత వాడారో తెలియకపోతే తగాదాలు రావూ? అందుకే యంత్రం చేతనే లెక్క రాయించారు.

మనం కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞను కమాండ్ అంటారు. లెక్క రాయమని ముందుగా చెప్పి ఉంచితే, ఒక్కొక్క కమాండ్ పని ముగియగానే యంత్రం ఒక పద్దు రాస్తుంది. కమాండ్ పేరేమిటి? ఎవరు ఇచ్చారు? ఎప్పుడు మొదలైంది? ఎంతసేపు పట్టింది? ఇవన్నీ అందులో ఉంటాయి. ఇది చిట్టా.

ఆ చిట్టాను ఆవర్జాగా మార్చే కమాండ్ పేరు ఎస్.ఏ. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ఇది ఉన్నది. నేటి లైనక్స్‌లోనూ దొరుకుతుంది. ఒక్కొక్క కమాండ్‌ను ఎన్నిసార్లు వాడారో, మొత్తం ఎన్ని నిమిషాలు పట్టిందో ఇది కూడి చూపుతుంది. కావాలంటే మనిషివారీగా కూడా లెక్క తీస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. ఎస్.ఏ. రెండు రకాల కాలాలు చూపుతుంది. పిక్కలు ఆలస్యంగా వచ్చాయనుకోండి. నీలమ్మ కార్ఖానాలో ఎనిమిది గంటలు ఉన్నా, ఆమె చేతులు పనిచేసింది మూడు గంటలే కావచ్చు. కమాండ్ కూడా అంతే. మనం గంటసేపు ఉత్తరం టైపు చేస్తే గడిచిన కాలం గంట. యంత్రం మెదడు నిజంగా పనిచేసింది కొద్ది సెకన్లే! "వాడు గంట వాడాడు" అని నింద వేసేముందు రెండో అంకె కూడా చూడాలన్నమాట.

మరొక చిక్కు ఉన్నది. ఒక్కసారి మాత్రమే వాడిన కమాండ్లను ఎస్.ఏ. విడివిడిగా చూపదు. అన్నిటినీ "ఇతరాలు" అనే ఒకే వరసలో పోగు చేస్తుంది. మన గుమాస్తా కూడా అలా చేస్తే ఏమవుతుంది? చిన్నమ్మి ఒక్కరోజే వచ్చి 7 కిలోల పొట్టు తీసింది. ఆవర్జాలో ఆమె పేరు కనిపించదు. కూలికి వస్తే, "నీ పేరు లేదే!" అంటారు. అప్పుడు ఆమెకు దిక్కు చిట్టాయే. కంప్యూటర్‌లోనూ పద్దులను ఒక్కొక్కటిగా చూపే లాస్ట్‌కామ్ అనే కమాండ్ వేరే ఉన్నది. అయితే మొత్తాలు కట్టి ఆవర్జాలో చేర్చాక, చోటు చాలదని పాత చిట్టాను చెరిపివేయడం కూడా కద్దు. చెరిపాక ఒంటరి పద్దు ఇక దొరకదు.

కనుక ఆవర్జా తొందరగా చెబుతుంది. చిట్టా పూర్తిగా చెబుతుంది. రెండూ కావలసినవే.

మీరూ ఒక వారం రోజులు ఇంట్లో ఎవరు ఏ పని చేశారో చిట్టా రాయండి. ఆదివారం నాడు పేరుపేరునా కూడి ఆవర్జా కట్టండి. అమ్మ పేరు ఎదుట ఎన్ని పద్దులు చేరాయో నాన్నగారికి చూపించండి. చిట్టాను మాత్రం పారవేయకండి!