మూగవోయిన బాకా మరల పలికిన దినము

జాజ్ సంగీతము అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరమున నల్లజాతి ప్రజల వీధి మేళములలోను, నృత్యశాలలలోను రూపుదిద్దుకొన్నది. అయినను 1917లో వెలువడిన తొలి జాజ్ రికార్డును వాయించినవారు శ్వేతజాతీయులు. అంతకు పూర్వమే ఆ నగరమును ఉర్రూతలూగించిన బడ్డీ బోల్డెన్ వాదనము ఒక్క రికార్డులోనైనను మనకు దక్కలేదు. మరి ఆ తొలినాటి పద్ధతి యెట్టిదో తెలిసికొను మార్గమేది? ఈ ప్రశ్నకు కొంత సమాధానము 1942లో ఒక వృద్ధ కళాకారుని వలన లభించినది.

ఆయన పేరు బంక్ జాన్సన్. వాద్యము ట్రంపెట్, అనగా బాకా. 1931లో ఒక నృత్యసభలో బ్యాండు నాయకుడు హత్యకు గురికాగా, ఆ గలభాలో జాన్సన్ బాకా ధ్వంసమైనది. క్రమముగా పండ్లును పోయినవి. పెదవులకు పండ్ల ఆనుదల లేనిదే బాకా పలుకుట దుర్లభము. అంతట ఆయన న్యూ ఐబీరియా పట్టణమున కాయకష్టముతో జీవనము సాగించెను. 1930 దశకము చివర జాజ్ చరిత్రను అన్వేషించుచున్న విలియం రస్సెల్ మున్నగువారు తోటి కళాకారుల వలన ఆయన సంగతి విని, ఉత్తరము ద్వారా జాడ తీసి, చందాలతో కట్టుడు పండ్లు, బాకా సమకూర్చిరి.

1942 జూన్ 11న న్యూ ఆర్లీన్స్‌లో ఆయన నాయకత్వమున ఏడుగురు సభ్యుల బృందము రికార్డు చేసినది. ఇందు బాకా పాట వరుసను నడుపును. క్లారినెట్ పైస్థాయిలో దానిని అల్లుకొనును. ట్రాంబోన్ క్రింది స్థాయిలో ఊతమిచ్చును. పియానో, బాంజో, బాస్, డ్రమ్ములు లయను నిలుపును. ముగ్గురు ఒకేసారి మనోధర్మముతో వాయించినను గందరగోళము కలుగకుండుటకు ఈ పనివిభజనయే కారణము.

తాను 1879లో జన్మించి, బోల్డెన్‌తో కలిసి వాయించితినని జాన్సన్ చెప్పుకొనెను. ఆయన సుమారు పదేండ్లు చిన్నవాడని తరువాతి పరిశోధకులు పలువురు భావించిరి. కనుక ఈ రికార్డును 1900 నాటి సంగీతమునకు అచ్చమైన ప్రతిబింబముగా స్వీకరింపరాదు. అయినను దాని విలువ తరుగదు. అందు క్లారినెట్ వాయించిన జార్జ్ లూయిస్ నాడు ఓడరేవు కూలి. అనంతర కాలమున ఐరోపా, జపాను దేశముల శ్రోతలు ఆయనను ఆదరించిరి.

జాన్సన్ 1949లో మరణించెను. ఆ ఉత్తరము చాల ఏండ్లు ఆలస్యమై యుండినచో దానిని అందుకొనువాడే లేకపోయెడివాడు. పెద్దల జ్ఞాపకములను సకాలమున నమోదు చేయవలెను. పిమ్మట వానిని నిష్పాక్షికముగా పరీక్షింపవలెను. చరిత్ర విద్యార్థికి ఈ రెండును సమానమైన కర్తవ్యములే.