మిగ్ ఇంజన్లు పుట్టిన కొండలు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు అరకులో సగం ఖాళీ అయిపోతుంది. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చినవాళ్లంతా అక్కడే దిగిపోతారు. రైలు మాత్రం ఒడిశాలోకి దాటి, పాడువా మీదుగా కొరాపుట్ దాకా అవే కొండల్లో మలుపులు తిరుగుతూ పోతుంది. ఆ కొరాపుట్‌కు దగ్గర్లో, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం సునాబేడ. మిగ్-21 మొదలు సుఖోయ్-30 దాకా మన వైమానిక దళం యుద్ధవిమానాలకు ఇంజన్లు చేసిపెట్టిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) కర్మాగారం ఉన్నది అక్కడే.

కొరాపుట్ తెలుగువాళ్లకు పరాయి చోటేమీ కాదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా అది విశాఖపట్నం జిల్లాలోదే. సాలూరు ఘాటీ ఎక్కితే ఇప్పటికీ చేరేది అక్కడికే.

అంత దూరాన, అంత అడవిలో విమానాల ఇంజన్లేమిటి? పాకిస్తాన్ చేతికి అమెరికా స్టార్‌ఫైటర్లు వచ్చాక ధ్వనివేగాన్ని మించిన విమానం మనకూ కావలసి వచ్చింది. కొనుక్కోవడమే కాదు, ఇక్కడే తయారు చేసుకోనివ్వాలని అడిగితే సోవియట్ యూనియన్ సరేనంది. 1962 ఆగస్టులో మిగ్-21 ఒప్పందం కుదిరింది. రెండు నెలలు తిరక్కుండానే చైనాతో యుద్ధం వచ్చిపడింది. 1963లో ఈ పని కోసమే ఏరోనాటిక్స్ ఇండియా అనే కంపెనీ పెట్టారు. మరుసటి ఏడు అక్టోబర్ 1న దాన్ని బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌తో కలిపేశారు. అలా పుట్టిందే హెచ్ఏఎల్. విమానం ఒడలు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో, ఇంజన్ సునాబేడలో అని పని పంచారు.

ఇంజన్ల వాటా ఒడిశాకు దక్కడం వెనుక అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుదల ఉంది. ఆయన స్వయంగా పైలట్. 1947లో డచ్చివాళ్ల దిగ్బంధంలో ఉన్న ఇండోనేషియాకు విమానం నడుపుకుంటూ వెళ్లి, ఆ దేశ నేత సుతాన్ షహ్రిర్‌ను బయటకు తెచ్చిన సాహసి. కానీ కర్మాగారం అనుకున్ననాటికి ఆ కొండల్లో రైలే నడవడం లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించే కొత్తవలస–కిరండూల్ లైను పనులు అప్పుడింకా సాగుతున్నాయి.

జెట్ ఇంజన్‌లో కష్టమంతా ఎక్కడుందో తెలియాలంటే ఒక్క టర్బైన్ బ్లేడు చూస్తే చాలు. అరచేతిలో ఇమిడిపోయే రెక్క అది. ఆధునిక ఇంజన్‌లో దాన్ని తాకే వాయువు వేడి 1,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. బ్లేడుకు వాడే నికెల్ మిశ్రలోహం అంతకన్నా తక్కువ వేడికే కరగాలి. అయినా కరగదు! లోపల సన్నని గాలిదారులు పెట్టి, వాటిగుండా చల్లగాలి ఆడించడమే అందులోని కిటుకు. ఆ దారులతో సహా బ్లేడును పోతపోయాలి. ముందు మైనంతో నమూనా చేస్తారు, దానికి పింగాణీ మట్టి పూతలు పూస్తారు, వేడిచేసి మైనాన్ని కరిగించి వంపేస్తారు, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు.

ఆ కిరండూల్ రైలు దారిలోనే ఉన్న బస్తర్‌లో ఘడ్వా కళాకారులు, మన ఆదిలాబాద్ ఓజాలు తరతరాలుగా డోక్రా ఇత్తడి బొమ్మలు పోసేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. పుట్టమన్ను పోయి పింగాణీ వచ్చింది, ఇత్తడి పోయి నికెల్ వచ్చింది, సూత్రం అదే.

సునాబేడలో మొదట చేసింది మిగ్-21 తొలిరకాల ఆర్-11 ఇంజన్. తర్వాత మిగ్-21 బిస్‌కు ఆర్-25, మిగ్-27కు ఆర్-29, మిగ్-29కి ఆర్‌డీ-33, ఇప్పుడు సుఖోయ్-30 కోసం ఏఎల్-31ఎఫ్‌పీ. డిజైన్లన్నీ రష్యావే, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ లోహపు దిమ్మ నుంచి మొదలుపెట్టి ఫైటర్ ఇంజన్‌ను పూర్తిచేయగల చోట్లు ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి తూర్పు కనుమల్లో ఉండటం నిజంగా గర్వించదగ్గ సంగతి.

2024 మార్చిలో మిగ్-29 ఇంజన్ల కోసం రూ.5,249.72 కోట్ల ఆర్డరు వచ్చింది. అదే ఏడు సెప్టెంబరు 9న 240 సుఖోయ్ ఇంజన్లకు రూ.26 వేల కోట్లు దాటిన ఒప్పందం కుదిరింది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు చేయాలి. ఇంజన్‌లో స్వదేశీ వాటా చివరికి 63 శాతానికి చేరాలి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. దానికి ఇంజన్లు చేసిన కర్మాగారానికి మాత్రం చేతినిండా పని ఉంది.

ఇంజన్ల పేర్లతో పాటు ఈ చరిత్రలో ఒక ఊరి పేరూ ఉండాలి: చికాపర్. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1996లో అచ్చయిన తన పుస్తకంలో ఆ ఊరి గురించి రాశారు. అక్కడివాళ్లు ఎక్కువగా గదబలు, పరజలు. అరకు చుట్టుపక్కల మనకు తెలిసిన తెగలే. 1960ల చివర్లో మిగ్ ప్రాజెక్టు కోసమని ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. వేరేచోట ఇళ్లు కట్టుకుంటే 1980లలో ఎగువ కొలాబ్ ప్రాజెక్టు, నౌకాదళ ఆయుధ డిపో పేరిట మళ్లీ లేవగొట్టారు. సాయినాథ్ వెళ్లేసరికి మూడోసారి నోటీసులు వచ్చి ఉన్నాయి. దేశానికి ఇంజన్లు కావాలి, సరే. కానీ దానికోసం భూమి వదులుకున్నవాళ్లకు ఒక్కచోటైనా స్థిరంగా నిలువనీడ చూపించలేకపోవడాన్ని ఏ అవసరం పేరుతోనూ సమర్థించలేం.

వాళ్లు మాత్రం లేచి వెళ్లి కొత్తగా గుడిసెలు వేసుకున్నచోటికి కూడా చికాపర్ అనే పేరు పెట్టుకున్నారు.