మండే ఎండలో కనిపించని ముప్పు... ఓజోన్‌తో జాగ్రత్త!

ఓజోన్ అనగానే సూర్యుడి హానికర కిరణాల నుంచి కాపాడే పొర అని బడిలో చదువుకున్నాం. నిజమే. కానీ ఆ పొర ఉండేది ఆకాశంలో చాలా ఎత్తున. అదే వాయువు మనం పీల్చే గాలిలో చేరితే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఎండాకాలంలో హైదరాబాద్ లాంటి నగరాల్లో ఈ ముప్పు పెరుగుతుంది.

ఎలా పుడుతుంది?

ఓజోన్ బండి సైలెన్సర్ నుంచి నేరుగా రాదు. వాహనాలు, జనరేటర్లు, ఫ్యాక్టరీల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. పెట్రోలు, పెయింట్లు, థిన్నర్ల నుంచి ఆవిర్లు లేస్తాయి. ఇవి గాలిలో కలిశాక గట్టి ఎండ తగిలితే ఓజోన్ తయారవుతుంది. అంటే, పొద్దున ట్రాఫిక్‌లో మనం వదిలిన పొగే మధ్యాహ్నానికి ఇలా మారి తిరిగి మన పిల్లల ఊపిరిలోకి వస్తుంది. గాలి వాటానికి శివారు కాలనీలకూ చేరుతుంది.

మన దేశంలో 2009లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఓజోన్ 8 గంటల సగటు ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు. గంట సగటు 180 దాటకూడదు.

ఎవరికి ప్రమాదం?

పిల్లలు, వృద్ధులు, ఆస్తమా ఉన్నవారు, తోపుడు బండ్లవాళ్లు, మేస్త్రీలు, డెలివరీ కుర్రాళ్లు జాగ్రత్తగా ఉండాలి. గొంతు మంట, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం లక్షణాలు. చెట్టు నీడ ఎండను ఆపుతుంది గానీ ఓజోన్‌ను ఆపదు. మామూలు మాస్కులు, ఎన్-95 దుమ్మును ఆపుతాయి, ఈ వాయువును ఆపలేవు. ఇంటి లోపల ఉండటమే మేలు.

మనం ఏం చేయాలి?

- మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 దాకా పిల్లల్ని గల్లీ క్రికెట్‌కు పంపకండి. ఆటలైనా, బరువు పనులైనా పొద్దున్నే పెట్టుకోండి.
- పెట్రోలు చీకటి పడ్డాక పోయించుకోండి. ట్యాంకు అంచుదాకా నింపించకండి.
- సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేయండి. దగ్గర్లోని దుకాణానికి నడిచే వెళ్లండి.
- ఇంటికి రంగులు వేయించే పని ఎండలు తగ్గాక పెట్టుకోండి.
- చెత్త కాల్చకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే దీన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది.
- గాలి శుభ్రం చేస్తాయంటూ ఓజోన్ వదిలే యంత్రాలు అమ్ముతారు. అవి కొనకండి.
- ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోండి. ఆయాసం ఎక్కువైతే వెంటనే డాక్టర్‌ను కలవండి.

మీ ప్రాంతంలో గాలి ఎలా ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో చూడొచ్చు. ఆకాశం నీలంగా, తేటగా కనిపించినంత మాత్రాన గాలి బాగుందని అనుకోవద్దు. ఓజోన్ కంటికి కనిపించదు. పిల్లల్ని బయటికి పంపే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.