అడవి గేటు తెరిస్తే అన్నీ వింతలే!

మీకు తెలుసా? నేషనల్ పార్కు అన్న మాటకు 150 ఏళ్లు దాటాయి! 1872లో అమెరికాలోని ఎల్లోస్టోన్‌తో ఈ కథ మొదలైంది. నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గల్లో ప్రపంచం మొత్తమ్మీద సగానికి పైగా అక్కడే ఉన్నాయి. పొయ్యి లేదు, కట్టెలు లేవు, నీళ్లు మాత్రం సలసలా!

నేలమీది నేషనల్ పార్కుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో మీకు తెలుసా? ఈశాన్య గ్రీన్‌లాండ్ పార్కు. విస్తీర్ణం 9,72,000 చదరపు కిలోమీటర్లు! ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి మూడుసార్లు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. అక్కడ స్థిరంగా కాపురముండేవాళ్లు? ఒక్కరూ లేరు!

నీళ్లమీద తేలే నేషనల్ పార్కు ఉందని తెలుసా? మన మణిపూర్‌లోనే, పేరు కైబుల్ లామ్జావో! లోక్‌తక్ సరస్సులో గడ్డీ మట్టీ పెనవేసుకున్న తెప్పలపై సంగాయ్ జింకలు మేస్తాయి. 1975లో లెక్కపెడితే తేలినవి 14. కంటికి రెప్పలా కాచుకుంటే 2016కు 260 అయ్యాయి. నేల ఊగుతుంటే నడిచే వీటిని నాట్యమాడే జింకలంటారు. మద్దెల అక్కర్లేదు!

దక్షిణాఫ్రికాలోని ఆడో పార్కులోకి నారింజపండు తీసుకెళ్లకూడదని మీకు తెలుసా? 1931లో అక్కడ మిగిలినవి 11 ఏనుగులు. ఇప్పుడు 600కు పైనే! జనానికి కనబడాలని ఒకప్పుడు వాటికి నారింజలు వేసి అలవాటు చేశారు. ఆ రుచి మరిగి కార్లమీదికి వచ్చేవి. బత్తాయి ప్రియులారా, తిని బయల్దేరండి!

పీతలకు ఫ్లైఓవర్ కట్టారని తెలుసా? ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ ఐలాండ్‌లో ఏటా కోట్లాది ఎర్ర పీతలు గుడ్లు పెట్టడానికి సముద్రానికి కదులుతాయి. అప్పుడు రోడ్లు మూసేస్తారు. ఒకచోటైతే 5 మీటర్ల ఎత్తు వంతెన! ఇనుప జాలీ పట్టుకుని అటు ఎక్కుతాయి, ఇటు దిగుతాయి. టోల్ లేదు!

మన సంగతో? హైదరాబాద్ మీదుగా నాగపూర్ దాటి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి తెలుసుగా? పెంచ్ అడవి దగ్గర దాన్ని పైకి లేపారు. పైన లారీలు, కింద పెద్దపులులు. హారన్ కొట్టే పని లేదు!

ఇసుక దిబ్బల్లో వీల్‌చైర్ నడుస్తుందా? నడుస్తుంది! ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన దిబ్బలున్న గ్రేట్ శాండ్ డ్యూన్స్ పార్కులో బెలూన్‌లాంటి లావుపాటి టైర్ల వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. కార్ల్స్‌బాడ్ గుహల్లోనైతే లిఫ్టు ఉంది. సుమారు 230 మీటర్లు కిందికి! పాతాళానికి బటన్ నొక్కి వెళ్లడమే!

అమెరికాలో నాలుగో తరగతి పిల్లలకు అక్కడి నేషనల్ పార్కుల ప్రవేశం ఏడాదిపాటు ఉచితమని తెలుసా? కారులో వెంట వచ్చే అమ్మానాన్నలకూ టికెట్ లేదు. ఇంటిల్లిపాదీ ఆ బుడతడి అతిథులే!

బానిసగా పుట్టిన మనిషి నేషనల్ పార్కును ఏలాడని మీకు తెలుసా? ఆయనే నల్లజాతి సైనికాధికారి చార్లెస్ యంగ్. 1903లో సెక్వోయా పార్కు బాధ్యత చూశాడు. ఆయన దళం బాట వేశాకే అక్కడి మహావృక్షాల దాకా గుర్రపు బండ్లు వెళ్లగలిగాయి. 2004లో అక్కడి ఒక చెట్టుకు ఆయన పేరు పెట్టారు. 101 ఏళ్ల తర్వాత సన్మానం. ఆ చెట్లకు అదో లెక్కా!

ఆఖరి ప్రశ్న! తెలంగాణలోని నేషనల్ పార్కులెన్ని? మూడు. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కలానే! జూబ్లీహిల్స్ ట్రాఫిక్ పక్కనే నెమలి పురివిప్పుతుంది. తాతయ్యనూ పాపాయినీ వెంటబెట్టుకుని వెళ్లండి. చిప్స్ కవరు మాత్రం జేబులో పెట్టుకుని తిరిగి తెచ్చేయండి. నెమలికి దాంతో పనేంటి?