గర్భకాల నిర్ణయంలో అల్ట్రాసౌండ్: గ్రామీణ మాతృసంరక్షణలో అవకాశాలు, పరిమితులు

ఉపోద్ఘాతం:

గర్భిణిని చూడగానే ఇంట్లోని పెద్దవారు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నో నెల?’. ప్రసూతి వైద్యం సైతం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. అయితే వైద్యులకు సమాధానం వారాల్లో, సాధ్యమైతే రోజుల్లో కావాలి. చివరి బహిష్టు మొదటి రోజునుండి 280 రోజులు లెక్కించి ప్రసవ తేదీని నిర్ణయించడం వాడుకలో ఉన్న పద్ధతి. తేదీని రాసి ఉంచుకొనే అలవాటు లేనిచోట అది ‘సంక్రాంతికి ముందు’, ‘కోతలప్పుడు’ వంటి గుర్తులమీద ఆధారపడుతుంది. బిడ్డకు పాలిస్తూ, బహిష్టు తిరిగి మొదలుకాకముందే మళ్ళీ గర్భం ధరించిన స్త్రీకి చెప్పడానికి తేదీయే ఉండదు. వెనుకబడిన ప్రాంతాల్లో అల్ట్రాసౌండ్, అంటే జనవ్యవహారంలోని ‘స్కానింగ్’, అన్నింటికంటే ముందుగా తీర్చగల లోటు ఇదే. కవలలను, మాయ ఉన్న స్థానాన్ని, అవయవలోపాలను తెలపడం చిన్న ప్రయోజనాలేమీ కావు. కాని గర్భకాలం సరిగా తెలియనప్పుడు తక్కిన చికిత్సానిర్ణయాలు చాలావరకు ఊహమీద నడుస్తాయి.

శబ్దతరంగాలతో కొలత:

ప్రసూతి పరీక్షలో పొట్టపై ఆనించే ప్రోబ్ సాధారణంగా 2 నుండి 5 మెగాహెర్ట్జ్‌ల శబ్దతరంగాలను పంపుతుంది. మెత్తని కణజాలంలో అవి సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పయనిస్తాయి. ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి యంత్రం లోతును లెక్కకడుతుంది. 1958లో ఇయాన్ డొనాల్డ్ బృందం గ్లాస్గోనుండి ‘లాన్సెట్’ పత్రికలో తమ ఫలితాలను ప్రచురించిన తరువాత ఈ పద్ధతి ప్రసూతి వైద్యంలో క్రమంగా స్థిరపడింది. ఎక్స్‌రేలలోని అయనీకరణ వికిరణం ఇందులో ఉండదు.

మొదటి మూడు నెలల్లో శిశువు తలనుండి పిరుదులవరకు ఉన్న పొడవును కొలిస్తే గర్భకాలం సుమారు 5 నుండి 7 రోజుల తేడాతో తెలుస్తుంది. ఆ దశలో పిండాలన్నీ దాదాపు ఒకే తీరున పెరగడం దీనికి కారణం. చివరి మూడు నెలల్లో తల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు వంటివాటిపై ఆధారపడవలసి వస్తుంది కనుక తేడా మూడు వారాలవరకు పెరగవచ్చు. తల్లికి పోషణ చాలక ఎదుగుదల కుంటుపడిన ఎనిమిదో నెల శిశువు, ఆలస్యంగా చేసిన స్కానింగ్‌లో, ఏడో నెల శిశువులా కనిపించవచ్చు. పోషకాహారలోపం ఎక్కువగా ఉన్నచోటనే గర్భిణులు ఆలస్యంగా పరీక్షకు రావడం కూడా ఎక్కువ. కొలత ఎక్కడ అత్యవసరమో అక్కడే అది దారితప్పే అవకాశం ఉందన్నమాట.

ఒకే మందు, భిన్న ఫలితాలు:

గర్భకాలం తెలియకపోతే జరిగే నష్టాన్ని స్టెరాయిడ్ చికిత్స చరిత్ర స్పష్టం చేస్తుంది. నెలలు నిండకుండా ప్రసవించే ప్రమాదమున్న తల్లికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు ఇస్తే శిశువు ఊపిరితిత్తులు త్వరగా పరిణతి చెందుతాయి. సంపన్న దేశాల్లో రుజువైన ఈ చికిత్సను ‘యాక్ట్’ అనే అధ్యయనం భారత్, పాకిస్తాన్, కెన్యా, జాంబియా, గ్వాటెమాలా, అర్జెంటీనా దేశాల్లో సుమారు లక్షమంది ప్రసవాలలో పరీక్షించింది. భారతదేశంలో బెళగావి, నాగపూర్ ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. బహిష్టు తేదీ తెలియనిచోట గర్భాశయం ఎత్తును రంగుల టేపుతో కొలిచి వారాలను అంచనా వేశారు. 2015లో వెలువడిన ఫలితం ఆశలకు విరుద్ధంగా వచ్చింది. 28 రోజులలోపు శిశుమరణాలు మందు ప్రచారంలేని ప్రాంతాల్లో వెయ్యికి 23.9 ఉండగా, ప్రచారం చేసిన ప్రాంతాల్లో 27.4గా నమోదయ్యాయి. మందు అందుకున్న తల్లులలో అధికభాగానికి పుట్టినవారు తక్కువ బరువు శిశువులు కారు. అవసరంలేని మందు వారికి చేరింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన ‘యాక్షన్’ అధ్యయనం 2020లో భిన్నమైన ఫలితాన్నిచ్చింది. బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్తాన్ ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ ద్వారా గర్భకాలం నిర్ధారించిన 2852 మంది స్త్రీలపై ఇదే మందును పరీక్షించారు. నవజాత శిశుమరణాలు 23.5 శాతం నుండి 19.6 శాతానికి తగ్గాయి. తేదీ ఒక్కటే ఈ తేడాకు కారణమనడం తొందరపాటవుతుంది. అవి నవజాత శిశు సంరక్షణ ఉన్న ఆసుపత్రులు. అయినా ఎవరికి మందు ఇవ్వాలో తేల్చింది మాత్రం స్కానింగే.

దీనికి మరోవైపు కూడా ఉంది. ‘ఫస్ట్ లుక్’ అధ్యయనంలో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, గ్వాటెమాలా, కెన్యా, పాకిస్తాన్, జాంబియా గ్రామీణ కేంద్రాల్లో సిబ్బందికి శిక్షణనిచ్చి గర్భిణులకు రెండేసి స్కానింగ్‌లు చేయించారు. 2018లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆసుపత్రి ప్రసవాలు పెరగలేదు, మృతశిశు జననాలూ తగ్గలేదు. మాయ అడ్డుగా ఉందని యంత్రం చూపినా, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తల్లి చేరలేకపోతే ఆ సమాచారం కాగితంమీదే మిగులుతుంది.

చట్టం, యంత్రం:

భారతదేశంలో ఈ చర్చకు మరొక ముడి ఉంది. గర్భకాలాన్ని చెప్పే యంత్రమే లింగాన్ని కూడా చెప్పగలదు. ఆరేళ్ళలోపు బాలల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 మంది; 2011లో 919 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే నిష్పత్తి 961 నుండి 939కి పడిపోయింది. 1994లో చేసి, 2003లో సవరించిన గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రతి యంత్రానికీ రిజిస్ట్రేషన్‌ను, ప్రతి గర్భిణి స్కానింగ్‌కూ ‘ఫారం ఎఫ్’ను తప్పనిసరి చేసింది. 2012 నాటి నియమాలు చేతిలో పట్టుకెళ్ళగల యంత్రాల వాడకాన్ని గట్టిగా పరిమితం చేశాయి. నిర్ణీత అర్హతగల వైద్యులే స్కానింగ్ చేయాలి కనుక ఏ.ఎన్.ఎం.కు ఆ అవకాశం లేదు. పై అంకెలను చూసినవారెవరూ ఈ కట్టుదిట్టాన్ని అనవసరమనలేరు. దాని భారం మాత్రం వైద్యులు లేని ఊళ్ళపై పడుతున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో 24 వారాలలోపు ఒక స్కానింగ్‌ను సూచించింది. అదే ఏడాది మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ప్రతినెల 9వ తేదీన ఉచిత పరీక్షలు అందిస్తున్నా, దాని సేవలు నాలుగో నెలనుండి గర్భిణులను ఉద్దేశించినవి. తేదీ నిర్ణయానికి అనువైన తొలి మూడు నెలలు ఈ పరిధికి వెలుపలే ఉన్నాయి. ఆశా కార్యకర్తలు 12 వారాలలోపే గర్భిణుల పేర్లు నమోదు చేయించడానికి శ్రమిస్తున్నప్పుడు, ఆ నమోదుకు స్కానింగ్‌ను జతచేయకపోవడం విచారించవలసిన లోపం.

చిత్రం చూపని కొలత:

2022లో ‘ఎన్‌.ఇ.జె.ఎం. ఎవిడెన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఈ ముడిని విప్పే దారిని సూచిస్తున్నది. జాంబియా, అమెరికాలోని నార్త్ కరోలినా ప్రాంతాల గర్భిణుల పొట్టపై ప్రోబ్‌ను నిర్ణీత గీతల్లో కదిపి సేకరించిన దృశ్యాలనుండి కృత్రిమ మేధ గర్భకాలాన్ని లెక్కకట్టింది. సగటు పొరపాటు 3.9 రోజులు, శిక్షణ పొందినవారి కొలతలో అది 4.7 రోజులు. ప్రోబ్‌ను కదిపేవారు తెరవంక చూడనక్కరలేదు. ఇటువంటి పరికరం చిత్రాన్ని పూర్తిగా దాచి, వారాల సంఖ్యను మాత్రమే చూపేలా తయారైతే లింగం తెలుసుకొనే దారి సన్నగిల్లుతుంది. సాఫ్ట్‌వేర్‌ను మార్చి దాచిన చిత్రాన్ని బయటికి తీసే ప్రయత్నాలు జరగవన్న భరోసా లేదు కనుక, యంత్రానికి వేసే తాళం ఎంత గట్టిదో ముందుగా పరీక్షించాలి. చిత్రం చూపే యంత్రాన్ని, సంఖ్య మాత్రమే చెప్పే యంత్రాన్ని వేర్వేరుగా పరిగణించాలంటే నియమాల సవరణ కూడా అవసరమవుతుంది.