గుండె కొట్టుకుంటున్నా మరణమే.. ‘జీవన్మృతి’ని వైద్యులు ఎలా నిర్ధారిస్తారు?

సూరత్‌: ఛాతీ లేచి పడుతుంటుంది. ఒళ్లు వెచ్చగా ఉంటుంది. మానిటర్‌పై గుండె గీత కదులుతూనే ఉంటుంది. అయినా వైద్యులు ఐసీయూ నుంచి బయటికి వచ్చి, మనిషి మరణించాడని చెబుతారు. తెలుగు వార్తల్లో ఈ స్థితికి ‘జీవన్మృతి’ అనే మాట స్థిరపడింది. ఆ మాటలోనే జీవం ఉండటంతో కుటుంబ సభ్యులు ఇంకా ఆశ మిగిలి ఉందనుకోవడం సహజం. అయితే వైద్యశాస్త్రం, 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం దీనిని మరణంగానే పరిగణిస్తున్నాయి. ఈ తేడాను కుటుంబాలకు ఓపికగా వివరించి, అవయవదానానికి ఒప్పించిన నగరాల్లో గుజరాత్‌లోని సూరత్‌ ముందువరుసలో నిలిచింది.

సూరత్‌ అనుభవం

వస్త్ర, వజ్రాల పరిశ్రమలకు పేరొందిన సూరత్‌లో ‘డొనేట్‌ లైఫ్‌’ అనే స్వచ్ఛంద సంస్థ ఈ రంగంలో పనిచేస్తోంది. తండ్రి కిడ్నీ వ్యాధితో పడిన బాధను దగ్గరగా చూసిన నీలేశ్‌ మండ్లేవాలా దీనిని స్థాపించారు. అవయవాలు, కణజాలాలు కలిపి వెయ్యికి పైగా దానాలకు ఈ సంస్థ తోడ్పడింది. 2015 డిసెంబరులో సూరత్‌ నుంచి ముంబయికి గుండెను విమానంలో తరలించారు. 2020 డిసెంబరులో రెండున్నరేళ్ల బాలుడి అవయవాలను తల్లిదండ్రులు దానం చేయగా, గుండె, ఊపిరితిత్తులు చెన్నైలో చికిత్స పొందుతున్న రష్యా, ఉక్రెయిన్‌ చిన్నారులకు చేరాయి. 2023 అక్టోబరులో పుట్టిన కొద్ది రోజులకే జీవన్మృతి చెందిన శిశువు అవయవాలనూ ఈ నగరంలోనే దానం చేశారు.

తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి నేత కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్‌ వంటి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. ఇలాంటి బహుభాషా నగరంలో విషాద సమయాన కుటుంబానికి తన ఇంటి భాషలో వివరణ అందడం ఎంతో ముఖ్యం.

మెదడు కాండం ఆగిపోతే..

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. కానీ శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే వెళుతుంది. రక్తసరఫరా పూర్తిగా నిలిచిపోతే కొద్ది నిమిషాల్లోనే మెదడు కణాలు చనిపోవడం మొదలవుతుంది. రోడ్డు ప్రమాదంలో తలకు బలమైన గాయమైనా, మెదడులో రక్తనాళం చిట్లినా మెదడు వాస్తుంది. గట్టి పుర్రె లోపల అది వ్యాపించేందుకు చోటుండదు. పుర్రెలోని ఒత్తిడి రక్తపోటును మించితే మెదడుకు రక్తం చేరదు.

మెదడును వెన్నుపాముతో కలిపే భాగమే మెదడు కాండం. శ్వాస తీసుకోవాలన్న ఆదేశం, మెలకువను నిలిపే వ్యవస్థ, దగ్గు, కనుపాప స్పందన వంటివన్నీ దీని అధీనంలో ఉంటాయి. ఇది శాశ్వతంగా ఆగిపోతే సొంతంగా శ్వాస తీసుకోవడం సాధ్యం కాదు. గుండెకు మాత్రం సొంత విద్యుత్‌ కేంద్రం ఉంది. వెంటిలేటర్‌ ద్వారా ఆక్సిజన్‌ అందినంత కాలం అది కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు కొట్టుకుంటుంది. ఛాతీ కదలిక యంత్రానిదే తప్ప మనిషిది కాదు.

కోమా వేరు, జీవన్మృతి వేరు

కోమాలో ఉన్న రోగి మెదడు కాండం పూర్తిగా చనిపోదు. కోలుకునే అవకాశం ఉంటుంది. కోమా తర్వాత కొందరు కళ్లు తెరిచినా పరిసరాలను గుర్తించని స్థితిలో ఉండిపోతారు. ఈ రోగులపైనే ఇటీవలి పరిశోధనలు కొత్త వెలుగు ప్రసరించాయి. 2024లో ‘న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌’ ప్రచురించిన అధ్యయనంలో, మాటతో ఇచ్చే ఆదేశాలకు పైకి స్పందించని 241 మందిని పరీక్షించారు. వారిలో 60 మంది మెదళ్లు ఆ ఆదేశాలకు లోలోపల స్పందిస్తున్నట్లు స్కానింగ్‌, ఈఈజీల ద్వారా తేలింది. అంటే నలుగురిలో ఒకరు.

ఈ ఫలితం జీవన్మృతులకు వర్తించదు. వారిలో స్పందించేందుకు పనిచేసే మెదడే మిగలదు. 2019లో అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, చనిపోయిన 4 గంటల తర్వాత పందుల మెదళ్లలోకి ప్రత్యేక ద్రవాన్ని పంపి కొన్ని కణాల పనితీరును పునరుద్ధరించారు. అయితే స్పృహను సూచించే విద్యుత్‌ చర్య ఏదీ వాటిలో కనిపించలేదు. కణాలు పనిచేయడం, మెదడు మొత్తంగా పనిచేయడం ఒకటి కాదని దీనితో స్పష్టమైంది.

నిర్ధారణ ఇలా..

పరీక్షలకు ముందే కోమాకు కారణం కచ్చితంగా తెలియాలి. మత్తుమందులు, విషప్రభావం, శరీర ఉష్ణోగ్రత బాగా పడిపోవడం వంటివి లేవని తేల్చుకోవాలి. కట్లపాము, నాగుపాము కాటులోనూ రోగి కదలిక లేకుండా, కనుపాపలు స్పందించకుండా పడి ఉండవచ్చు. సరైన చికిత్సతో వారు కోలుకుంటారు. అందుకే ఈ జాగ్రత్త అత్యవసరం.

ఆ తర్వాత కనుపాపపై వెలుగు ప్రసరింపజేస్తారు. కంటి నల్లగుడ్డును తాకుతారు. చెవిలో చల్లటి నీరు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. గొంతులో, శ్వాసనాళంలో కదిలించి దగ్గు వస్తుందేమో గమనిస్తారు. చివరిది ఆప్నియా పరీక్ష. ఆక్సిజన్‌ అందిస్తూనే వెంటిలేటర్‌ను వేరుచేస్తారు. రక్తంలో కార్బన్‌ డయాక్సైడ్‌ పెరిగితే బతికున్న మెదడు కాండం ఊపిరి తీయించక మానదు. ఆ స్థాయి 60 మిల్లీమీటర్లు దాటినా శ్వాస ప్రయత్నం లేకపోతే మెదడు కాండం చనిపోయినట్లే.

నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో ఈ పరీక్షలను రెండుసార్లు జరపాలి. అవయవ మార్పిడి చేసే వైద్యులకు ఈ బృందంలో చోటులేదు. నెలలోపు శిశువుల విషయంలో వైద్య సంఘాల మార్గదర్శకాలు ఈ వ్యవధిని మరింత పెంచాయి. నిర్ధారణ తర్వాత కూడా కాళ్లూ చేతులూ స్వల్పంగా కదలవచ్చు. అవి వెన్నుపాము చర్యలే తప్ప ప్రాణానికి సంకేతాలు కావు.

నిర్ణయం కుటుంబానిదే

అవయవదానానికి కుటుంబ సమ్మతి తప్పనిసరి. 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రులు అనుమతి ఇవ్వాలి. ప్రమాద కేసుల్లో పోలీసు, శవపరీక్ష ప్రక్రియలు కూడా పూర్తికావాలి. కాలం మాత్రం ఆగదు. గుండె, ఊపిరితిత్తులకు శరీరం నుంచి తీసిన తర్వాత సుమారు 4 నుంచి 6 గంటలే గడువు. కిడ్నీలను ఒక రోజుకు పైగా భద్రపరచవచ్చు.

చట్టంలో ఒక వెలితి మిగిలే ఉంది. జీవన్మృతికి నిర్వచనం అవయవ మార్పిడి చట్టంలోనే ఉన్నందున, కుటుంబం దానానికి నిరాకరిస్తే వెంటిలేటర్‌ను ఎప్పుడు తొలగించాలన్నదానిపై పలు ఆస్పత్రుల్లో సందిగ్ధత కొనసాగుతోంది. మరణించిన మనిషికి చికిత్స, కుటుంబానికి ఖర్చు రెండూ సాగుతుంటాయి.

2023లో దేశంలో 18 వేలకు పైగా అవయవ మార్పిళ్లు జరగగా, మరణానంతర దాతలు 1,099 మందే. అంటే పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. ‘జీవన్‌దాన్‌’ కార్యక్రమంతో తెలంగాణ ఈ విషయంలో దేశ సగటు కన్నా ఎంతో ముందుంది.

జీవన్మృతి గురించి ఐసీయూ తలుపు దగ్గర తొలిసారి విన్న కుటుంబానికి ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకే ఈ చర్చ ఆస్పత్రిలో కాకుండా ఇంట్లోనే ముందుగా జరగడం మేలు. పరీక్షలు ఎప్పుడు, ఎవరు చేశారు, ఫలితం ఏమిటి అని వైద్యులను అడగడంలో తప్పులేదు. దానానికి అంగీకరించినా, నిరాకరించినా వాస్తవం తెలిసి తీసుకున్న నిర్ణయమే ఆ కుటుంబానికి ఊరటనిస్తుంది.