రాయి మరల రాయి యగుట

చార్మినారు దాటి లాడుబజారులో నాలుగడుగులు వేసినవారికి, నిప్పులసెగ మీద లక్కముద్దను మెత్తబఱచి, కడ్డీగా సాగదీసి, గుండ్రముగ వంచి, వేడి యాఱకమునుపే అద్దపుబిళ్ళలను పొదుగుచున్న చేతులు కనబడును. 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్కగాజు పుట్టుక యిది. చెట్టుకొమ్మలపై మూగిన చిఱుపురుగులు స్రవించు జిగురే లక్క. సెగకు మెత్తబడును, చల్లారిన గట్టిపడును. రూపము మాఱినను పదార్థము మాఱలేదు గనుక దీనిని భౌతిక పరివర్తన మందురు. మిఠాయిపై నతికించు వెండి వరఖు సైతము ఇట్టిదే. సుత్తిదెబ్బలకు ఊదిన నెగిరిపోవునంత పలుచనైనను అది వెండియే.

అయితే ఆ లక్కనే మితిమీఱి కాచినచో, దాని యణువులు ఒండొంటితో పెనవేసికొని, పిదప నెంత సెగకును మెత్తబడని వేఱు పదార్థ మగును. అది రసాయనిక పరివర్తనము. నిప్పు ఒక్కటే, ముద్ద ఒక్కటే.

వెనుకకు మరలునది భౌతికము, మరలనిది రసాయనికము అని బడిలో నేర్చితిమి. ఈ సూత్రము సులభమే గాని సరియైనది కాదు. అందుకు సాక్ష్యము ఆ బజారు మొగదలనే నిలిచియున్నది. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారును నిలిపినది రాయియు సున్నపు గచ్చును. శుద్ధమైన సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, 100 పాళ్ళ రాయి 56 పాళ్ళ సున్నముగ మిగులును; నీరు చల్లినంతనే అది ఆవిరులు గ్రక్కుచు విచ్చి పిండి యగును. ఆ పిండిని ఇసుకతో గానుగలో నూఱి గోడకు మెత్తినపిమ్మట, తడి యాఱుటతోనే పని ముగిసినదని తలంతుము గాని, అసలు పని యప్పుడే ఆరంభము: బట్టీలో కోల్పోయిన ఆ వాయువునే గాలినుండి మెల్లమెల్లగ గ్రహించి, పైపొరనుండి లోనికి గట్టిపడుచు, గచ్చు మరల సున్నపురాయి యగును. గోడ మందమైనకొలది ఈ మార్పు నెమ్మది. మూడును రసాయనిక పరివర్తనములే. అయినను రాయి రాయిగనే మరలివచ్చినది. కావున విచారింపవలసినది వెనుకకు వచ్చునా యని గాదు, నడుమ మఱియొక పదార్థము పుట్టెనా యని.

ఈ మార్పును కన్నులార చూడదలచినవారు కిళ్ళీ దుకాణములో రాత్రంతయు మూతలేక విడిచిన సున్నపు డబ్బీని ఉదయమున చూచిన చాలును. పైన పెంకువలె కట్టిన తెల్లని పొర ఆ రాయియే. ఆ పొర కట్టకుండుటకే సున్నముపై కొంత నీరు నిలిపి మూత బిగింతురు.